చీరల సైటుకి డాట్ కామా, డాట్ ఇన్నా? కామ్ వాడేమో రెండున్నర లక్షలు అడుగుతున్నాడు

పడుగుపేక (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. మాది చీరాల పక్కన. ఇంట్లో మగ్గాలున్నాయి, మామయ్యగారు మాస్టర్ వీవర్. 2019 నుంచి నేను వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో చీరలు అమ్ముతున్నా. ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు కదా, పదకొండు లిస్టులు పెట్టుకుని రోజూ ఫొటోలు పంపడం, "ఇది ఉందా అండీ", "అయిపోయిందండీ" అని జవాబులు చెప్పడం, దీంతోనే పొద్దు గూకుతోంది. ఇక సైటు పెట్టేద్దాం అనుకున్నాం. కట్టే అబ్బాయి దొరికాడు, పేమెంట్ గేట్‌వే వాళ్లతో కూడా మాట్లాడాం. పేరు దగ్గరే ఆగిపోయాం.

మేం అనుకున్న పేరుకి డాట్ కామ్ 2011లోనే ఎవరో కొని ఖాళీగా పడేశారు. తెరిస్తే "ఈ డొమైన్ అమ్మకానికి ఉంది" అని ఒక పేజీ, కింద రెండున్నర లక్షల రేటు. అదే పేరు డాట్ ఇన్ దొరుకుతోంది. డాట్ స్టోర్ మొదటి ఏడాది 99 రూపాయలేనట. డాట్ కో, డాట్ షాప్, డాట్ కో డాట్ ఇన్ కూడా ఉన్నాయి. సైటు కట్టే అబ్బాయి డాట్ స్టోర్ తీసేసుకోమంటాడు, మా ఆయనేమో డాట్ కామ్ లేకపోతే అదేం కంపెనీ అంటాడు. మా దగ్గర కొనేవాళ్లలో మూడో వంతు అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లు. రెండున్నర లక్షలంటే మాకు రెండు నెలల నూలు ఖర్చు. ఏం చేయమంటారు?

కూకట్‌పల్లి కోడర్ (రాత్రి 9:52)

డాట్ ఏఐ తీసుకోండి అక్కా. ఇప్పుడు ఇడ్లీ బండికి కూడా ఏఐ అని పెడితే ఇన్వెస్టర్లు వస్తున్నారు 😄

సర్వర్ సుబ్బన్న (రాత్రి 10:15)

పై కుర్రాడి మాట వినకమ్మా. డాట్ ఏఐ అంటే కృత్రిమ మేధ కాదు, అంగ్విల్లా అనే చిన్న కరీబియన్ దీవి కోడ్ అది. కనీసం రెండేళ్లకి ఒకేసారి కట్టాలి, అంటే పన్నెండు వేలు దాటిపోతుంది. ఆ దీవికి మాత్రం మంచి రాబడి అనుకో, వాళ్ల ప్రభుత్వ ఆదాయంలో పెద్ద ముక్క ఈ డొమైన్ల నుంచే వస్తోంది. మన చీరల డబ్బులతో వాళ్లకి రోడ్లెందుకు?

ముందు ఆ 99 రూపాయల సంగతి చెప్తా. ఎవరైనా సరే మొదటి ఏడాది రేటు చూడకూడదు, రెన్యువల్ రేటు చూడాలి. కార్టులో వేస్తే కింద చిన్న అక్షరాల్లో "రెన్యూస్ ఎట్" అని ఉంటుంది, అక్కడ చూడు. డాట్ స్టోర్ రెన్యువల్ మూడు వేల నుంచి ఐదు వేల దాకా చూశాను నేను, పైన 18 శాతం జీఎస్టీ. డాట్ ఇన్ ఏడెనిమిది వందల చుట్టూ తిరుగుతుంది, డాట్ కామ్ వెయ్యి నుంచి పదిహేను వందలు. పదేళ్లు లెక్కేసుకో, ఏది చవకో తెలిసిపోతుంది. మగ్గం మీద నుంచి దించిన చీరకి ఒక రేటు, ఉతికాక ఇంకో రేటు అన్నట్టుంటుంది వీళ్ల వ్యాపారం.

ఇంకో సంగతుంది. డాట్ కామ్ నడిపేది వెరిసైన్ అనే కంపెనీ, అది టోకు ధర ఇష్టమొచ్చినట్టు పెంచలేదు. ఒప్పందంలో ఎన్నేళ్లలో ఎంత శాతం పెంచొచ్చో రాసి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో టోకు 10.26 డాలర్లు చేశారు. డాట్ స్టోర్, డాట్ షాప్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్లకి (పేరు చివరి ముక్కలకి) అలాంటి గట్టు లేదు. నడిపే కంపెనీ వచ్చే ఏడాది రేటు డబుల్ చేసినా నువ్వు కట్టాలి, లేదంటే పేరు వదులుకోవాలి. నీ షాపు అద్దె ఓనరు నోటిమాట మీద ఉండటం లాంటిది.

ఫ్రిస్కో బావ (రాత్రి 10:31)

టెక్సస్ నుంచి. మా ఆవిడ, వదిన, వాళ్ల కిట్టీ పార్టీ బ్యాచ్ అందరూ మీలాంటి వాళ్ల దగ్గరే కొంటారు కాబట్టి చెప్తున్నా, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి డాట్ కామ్ తప్ప ఇంకోటి నోట్లోకి రాదు. డాట్ ఇన్ చూస్తే "ఇది ఇండియాలోకే అమ్ముతారేమో, షిప్పింగ్ ఉండదేమో" అనుకుంటారు. మూడో వంతు అమ్మకం బయటే అంటున్నారు కాబట్టి డాట్ కామ్ మస్ట్. పోనీ అమెరికా వాళ్ల కోసం విడిగా డాట్ యూఎస్ తీసుకుంటే?

సర్వర్ సుబ్బన్న (రాత్రి 10:38)

బావగారూ, డాట్ యూఎస్ కావాలంటే అమెరికా పౌరుడో, అక్కడ నివాసమో, అక్కడ వ్యాపారమో ఉండాలి. ఆవిడది చీరాల. మీ పేరు మీద తీసి ఇస్తానంటారా, దాని గురించి కింద ఎవరో ఒకరు ఏడుపు కథ చెప్తారు చూడండి.

మిర్చియార్డ్ (రాత్రి 11:05)

ఆ ఏడుపు కథ నాదే. గుంటూరులో మాకు ఎండుమిర్చి కమీషన్ వ్యాపారం, దాంతోపాటు కారం, పసుపు ప్యాకెట్లు కూడా వేస్తాం. 2017లో ఒక కుర్రాడు సైటు కట్టాడు, డొమైన్ కూడా వాడే తీశాడు, వాడి ఈమెయిల్‌తో, వాడి అకౌంట్లో. మనం డబ్బులిచ్చాం కదా మనదే అనుకున్నాం. మూడేళ్ల తర్వాత వాడు బెంగళూరు పోయాడు, ఫోన్ ఎత్తడు. రెన్యువల్ మెయిల్ వాడికి పోయింది. ఒక రోజు పొద్దున సైటు లేదు, మెయిల్ లేదు, ఎగుమతి పార్టీకి పంపిన కొటేషన్ గాల్లో పోయింది. వాడిని పట్టుకుంటే "అన్నా నలభై వేలు ఇవ్వు ట్రాన్స్‌ఫర్ చేస్తా" అన్నాడు. ఇచ్చాను. ఇంకేం చేస్తాం.

డాట్ ఏదైతే ఏంటి, ఆ అకౌంట్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరు మీద, మీ ఈమెయిల్ మీద ఉండాలి. మీ సైటు కట్టే అబ్బాయి ఎంత మంచోడైనా సరే. పాస్‌వర్డు మీ ఆయన ఫోన్లో కాదు, ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి.

సర్వర్ సుబ్బన్న (రాత్రి 11:12)

ఆ ఈమెయిల్ కూడా అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ పోయిన రోజు మెయిల్ కూడా పోతుంది, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే వచ్చే లింకు ఆ పోయిన మెయిల్‌కే వెళ్తుంది. తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. ఇలా ఇరుక్కున్న వాళ్లని నలుగుర్ని చూశా.

తాళపత్రం (మంగళవారం, ఉదయం 6:20)

ఎవరూ అడగలేదు గానీ నేను చెప్తా. తెలుగులోనే డొమైన్ తీసుకోవచ్చు. పేరు తెలుగులో, చివర డాట్ భారత్ కూడా తెలుగు లిపిలోనే. నడిపేది డాట్ ఇన్ నడిపే నిక్సీ అనే సంస్థే. మగ్గం నేసేవాళ్ల సైటు తెలుగు పేరుతో ఉంటే ఎంత బాగుంటుంది! ఇంగ్లిషు స్పెల్లింగు గొడవ కూడా ఉండదు.

కూకట్‌పల్లి కోడర్ (ఉదయం 8:45)

సార్ ఆశయం బాగుంది కానీ నేను ఒక క్లయింటుకి పెట్టి చేతులు కాల్చుకున్నా. బ్రౌజర్‌లో పేరు తెలుగులో కనిపిస్తుంది, కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఎక్స్ ఎన్ అని, రెండు గీతలు, ఆ తర్వాత అర్థం లేని అక్షరాల దండ వస్తుంది, ఎందుకంటే లోపల వ్యవస్థ నడిచేది ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఆ లింకు చూసి కస్టమర్ "అకౌంట్ హ్యాక్ అయిందా అండీ" అని ఫోన్ చేశాడు. కొన్ని ఫారాలు అసలు ఆ అడ్రసునే ఒప్పుకోవు, మెయిల్ ఐడీగా అయితే చెప్పక్కర్లేదు. ఇంతకీ అమెరికాలో అమ్మాయి ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంటుందా?

తాళపత్రం (ఉదయం 9:10)

ఒప్పుకుంటా. ప్రధాన అడ్రసుగా వద్దు. కానీ చీర డబ్బా మీద, షాపు బోర్డు మీద క్యూఆర్ పక్కన అలంకారంగా తెలుగు అడ్రసు, అది అసలు సైటుకి తీసుకెళ్లేట్టు పెట్టుకుంటే తప్పేముంది? నా మాట మీద నేనున్నా.

పడుగుపేక (ఉదయం 9:30)

అందరికీ థాంక్సండీ. మిర్చియార్డ్ గారూ, మీ పోస్టు చదివి రాత్రే అబ్బాయికి మెసేజ్ పెట్టా, "డొమైన్ మేమే కొంటాం" అని. వాడు కొంచెం నొచ్చుకున్నాడు, పర్లేదు.

స్పెల్లింగు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా పేరులో "నేత" ఉంది. పేరు మొత్తం ఇక్కడ రాయను, ఇది చదివే వాళ్లలో ఎవరో ఒకరు కొనేస్తారని మా ఆయన భయం. "నేత" అంటే మేం ఎన్ ఈ టీ హెచ్ ఏ అని రాస్తాం. నిన్న పూణే కస్టమరు ఒకావిడకి ఫోన్లో చెప్తే ఆవిడ హెచ్ తీసేసి రాసుకుంది. ఇది ఎక్స్‌టెన్షన్ కంటే పెద్ద సమస్యా?

వెతుకులాట (ఉదయం 10:05)

చాలా పెద్ద సమస్య మేడమ్. నేను పదేళ్లుగా ఎస్ఈవో పనే, అంటే సైట్లు గూగుల్‌లో పైన కనపడేట్టు చూసే పనే చేస్తున్నా. ఎక్స్‌టెన్షన్ తప్పు కొడితే ఒక్క తప్పు, స్పెల్లింగు తప్పు కొడితే మీరు అసలు కనపడరు. మన వాళ్లం "త"కి హెచ్ పెడతాం, ఉత్తరాది వాళ్లు పెట్టరు. హెచ్ లేకుండా రాస్తే హిందీ వాళ్లు దాన్ని "నేతా" అని చదువుతారు, చీరల షాపు కాస్తా రాజకీయ నాయకుడి సైటు అయిపోతుంది. హెచ్ పెడితే వాళ్లకి "నేథ" అవుతుంది. ఇంకా మగ్గంలో జీ ఒకటా రెండా, పట్టులో టీ ఒకటా రెండా, జరీకి జెడ్డా జే యా, చీరకి ఈ లు రెండా ఐ ఒకటా... తెలుగు మాట ఇంగ్లిషులో రాస్తే నాలుగు దారులుంటాయి. అందుకే నేను క్లయింట్లకి ఒక పరీక్ష పెడతా. పేరు ఫోన్లో ఒక్కసారే చెప్పండి, అక్షరాలు విడిగా చెప్పొద్దు, అవతలి మనిషిని కాగితం మీద రాయమనండి. ఐదుగురిలో కనీసం నలుగురు సరిగ్గా రాయాలి, లేకపోతే పేరు మార్చేయండి. చుట్టాల్లో ఒకరు, హైదరాబాద్‌లో పెరిగిన పిల్ల ఒకరు, తెలుగు రాని వాళ్లు ఒకరు ఉండేట్టు చూసుకోండి.

ఎక్స్‌టెన్షన్ గురించి కూడా ఒక మాట. డాట్ స్టోర్ అని ఉంటే గూగుల్ "ఓహో ఇది స్టోరు" అని పైకి తెస్తుందని చెప్తారు, అబద్ధం. గూగుల్ కొత్త ఎక్స్‌టెన్షన్లని డాట్ కామ్‌తో సమానంగానే చూస్తుంది, ఎక్కువ లేదు తక్కువ లేదు. తేడా ఉన్నది దేశాల కోడ్లకే. డాట్ ఇన్ అంటే ఇండియా వాళ్ల కోసం అని దానికొక సూచన. వేరే దేశానికి తిప్పుకునే సెట్టింగు సెర్చ్ కన్సోల్‌లో (సైటు ఓనర్లకి గూగుల్ ఇచ్చే టూల్) డాట్ కామ్ లాంటి వాటికి ఒకప్పుడు ఉండేది, దాన్నీ 2022లో తీసేశారు. డాట్ కో, డాట్ ఐఓ, డాట్ ఏఐ పేరుకి దేశాల కోడ్లే అయినా వాటిని మామూలు వాటిలాగే చూస్తుంది.

ఫ్రిస్కో బావ (రాత్రి 7:40)

అదే నేను చెప్పింది. డాట్ ఇన్ పెడితే అమెరికా గూగుల్‌లో కనపడరు.

వెతుకులాట (రాత్రి 7:58)

సార్, నేనలా అనలేదు. సూచన అన్నాను, గోడ కాదు. పైగా మీ వదిన గారు చీర గూగుల్‌లో వెతికి కొన్నారా, ఎవరో వాట్సాప్ గ్రూపులో పంపిన లింకు నొక్కి కొన్నారా? చీరలు చూపులు, మాటల మీద అమ్ముడుపోతాయి. ఆ లింకు చివర ఏముందో నొక్కేవాళ్లు చూడను కూడా చూడరు. చూసేది ఎప్పుడంటే, కార్డు నంబరు కొట్టాల్సి వచ్చినప్పుడు. అక్కడ నమ్మకం కావాలి, అందుకు డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా సరిపోతుంది. ఎప్పుడూ వినని ముక్క ఉంటేనే చెయ్యి ఆగుతుంది.

ఫ్రిస్కో బావ (రాత్రి 8:03)

మా వదిన నొక్కదు. ఆవిడ అనుమానం మీకు తెలీదు.

కూకట్‌పల్లి కోడర్ (రాత్రి 8:20)

సీరియస్‌గా చెప్తున్నా ఈసారి. డాట్ కో వైపు వెళ్లొద్దక్కా. అది కొలంబియా కోడు, చిన్నగా ముద్దుగా ఉంటుంది, కానీ ఎవరికి చెప్పినా చివర "మ్" మింగేశారనుకుని కామ్ కొడతారు. అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే పెద్ద సైటు మూడున్నర లక్షల డాలర్లు పోసి ఓ డాట్ కో కొని, 2011లో ఆ పేరుకే మారింది, ఒక స్టేడియానికి కూడా ఆ పేరు పెట్టించింది. జనం వెళ్లి ఓ డాట్ కామ్ కొట్టారు. అలాంటి సైటే లేదు! చివరికి వాళ్లు పాత పేరుకే వచ్చారు. అంత డబ్బున్న వాళ్లే జనం వేళ్ల అలవాటు మార్చలేకపోయారు.

మిర్చియార్డ్ (రాత్రి 8:44)

మరి డాట్ ఇన్‌కి కూడా అదే బాధ కదా. "డాట్ ఇన్" అని చెప్తే మా పార్టీ ఒకాయన "ఇన్నా? రెండు ఎన్లా? లాడ్జీ ఏమైనా పెట్టారా?" అన్నాడు. మన ఊళ్లో ప్రతి లాడ్జీ పేరు చివరా ఇన్నే మరి.

సర్వర్ సుబ్బన్న (రాత్రి 9:15)

😀 నిజమే. కానీ ఇప్పుడు కాస్త మారుతోంది. రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మారమంది. ఎస్‌బీఐ సైటు ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఆ పేర్లు ఇచ్చే పని మన హైదరాబాద్‌లో ఉన్న బ్యాంకుల టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానిదే, ఇంకెవరూ ఇవ్వడానికి లేదు. కాబట్టి జనానికి చివర ఇన్ చూడటం అలవాటవుతోంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి, బ్యాంక్ డాట్ ఇన్ గట్టిదని మామూలు డాట్ ఇన్ కూడా గట్టిదనుకోవద్దు. ఐదారు వందలు పెడితే దొంగకైనా దొరుకుతుంది.

డాట్ ఇన్ గురించి మంచీ చెడూ రెండూ చెప్తా. 2005లో అందరికీ తెరిచారు, అప్పటి నుంచి చవక, నిలకడ. చెడు ఏంటంటే, డాట్ కామ్‌లో లాగా మన వివరాలు దాచే ప్రైవసీ సర్వీసు పెట్టుకోవడానికి నిక్సీ ఒప్పుకోదు. 2016లో మా తమ్ముడు డాట్ ఇన్ కొన్న మూడో రోజు నుంచి "సార్ వెబ్‌సైట్ డెవలప్‌మెంట్ కావాలా, లోగో కావాలా" అని రోజుకి పది ఫోన్లు. అందుకే ఇంటి నంబరు ఇవ్వొద్దు, వ్యాపారానికి వాడే నంబరు ఇవ్వు.

డాట్ కో డాట్ ఇన్ మాత్రం వద్దు. ఒకప్పుడు గొప్పగా ఉండేది, ఇప్పుడు చెప్పడానికి ఒక ముక్క ఎక్కువ, అంతే.

నల్లకోటు (రాత్రి 10:50)

కోర్టు పని అయ్యి ఇప్పుడే చూశా. ఎవరూ మాట్లాడని కోణం ఒకటుంది. అమ్మా, ఆ డాట్ కామ్ ఓనరు మీద కేసు వేయొచ్చా అని మీ ఆయన అడిగే ఉంటారు, అందరూ అడుగుతారు. వేయొచ్చు, గెలవరు. డొమైన్ గొడవలకి యూడీఆర్‌పీ అనే పంచాయితీ 1999 నుంచి ఉంది, అక్కడ నెగ్గాలంటే అవతలివాడు మీ పేరు మీద కన్నేసి దురుద్దేశంతో కొన్నాడని చూపించాలి. వాడు కొన్నది 2011, మీరు మొదలుపెట్టింది 2019. లేని మీ పేరు మీద ఎనిమిదేళ్ల ముందు కన్నేశాడంటే ఎవరు నమ్ముతారు? పైగా ఆ పంచాయితీలు తీర్చే వైపో అనే అంతర్జాతీయ సంస్థ దగ్గర ఒక పేరుకి ఒక్కరే మధ్యవర్తి అయినా ఫీజు 1500 డాలర్లు. డాట్ ఇన్ గొడవలకి వేరే, నిక్సీ వాళ్ల ఐఎన్‌డీఆర్‌పీ.

రివర్సులో ఆలోచించండి. మీరు రేపు ఎదిగాక మీ పేరు లాంటిదే ఎవరో ఇంకో ఎక్స్‌టెన్షన్‌లో పెడితే? డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్కుకి లాగే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అది మన సత్యం వాళ్ల కేసే, సత్యం ఇన్ఫోవే వర్సెస్ సిఫీనెట్. సిఫీ అనే మాట వాళ్లు కల్పించింది, దానికి ఇంకో ఎఫ్ చేర్చి పక్కవాడు వాడాడు, సత్యం గెలిచింది. కానీ ఆ గెలుపు వచ్చింది వాళ్ల మాట డిక్షనరీలో లేని మాట కాబట్టి, జనానికి దాంతో పరిచయం ఏర్పడింది కాబట్టి. మీరు "చీరాల చీరలు" అని పెట్టుకుంటే అది ఊరి పేరు, సరుకు పేరు. రేపు పక్కింటివాడు కూడా వాడుకుంటాడు, ఆపలేరు. అందుకే ముందు ట్రేడ్‌మార్కు సైట్లో వెతకండి, 24, 25, 35 తరగతుల్లో. ఆన్‌లైన్‌లో వేస్తే చిన్న వ్యాపారులకి తరగతికి 4500 రూపాయలు. ఆ రెండున్నర లక్షల పక్కన ఇది ఎంత? ఇంకోటి, పోచంపల్లి లాంటి జీఐ పేరు (ఒక ప్రాంతపు సరుకుకే చెందిన పేరు) డొమైన్‌లో పెట్టి వేరే చీరలు అమ్మితే అసలుకే ఎసరు. మీరు చేయరనుకోండి, చెప్పడం నా ధర్మం.

పడుగుపేక (బుధవారం, మధ్యాహ్నం 2:15)

లాయర్ గారూ, మా ఆయన నిజంగానే అడిగాడు 🙈

ఫోన్ పరీక్ష పెట్టా. మా పిన్ని, మా ఆడపడుచు కూతురు, పూణే కస్టమరు, బ్యాంకులో పనిచేసే మా ఫ్రెండు, మా కొరియర్ అబ్బాయి. ఐదుగురిలో సరిగ్గా రాసింది ఒక్కళ్లే, అది మా పిన్ని, ఆవిడకి ముందే తెలుసు. పూణే ఆవిడ "నేతా జీ వాలా?" అని అడిగింది. వెతుకులాట గారు ముందే చెప్పినట్టు అచ్చంగా అదే. రాత్రంతా నాకూ మా ఆయనకీ వాదన. ఆరేళ్లుగా ఇన్‌స్టాలో ఉన్న పేరు మార్చడం అంటే టెన్షన్‌గా ఉంది.

ఆ డాట్ కామ్ వాడితో బేరం ఆడితే తగ్గిస్తాడా?

మిర్చియార్డ్ (మధ్యాహ్నం 2:40)

తగ్గిస్తాడు. మాకు రెండో బ్రాండు కోసం ఒకటి కావాల్సి వస్తే లక్షా ఇరవై అన్నాడు, నేను పద్నాలుగు వేలతో మొదలుపెట్టి మూడు నెలలు పట్టించుకోనట్టు ఉండి పద్దెనిమిది వేలకి కొన్నా. యార్డులో బేరం ఆడేవాడికి ఇది కష్టం కాదు. డబ్బు మాత్రం నేరుగా పంపొద్దు, మధ్యలో డబ్బు పట్టి ఉంచే ఎస్క్రో వాళ్లని పెట్టుకోండి, డొమైన్ మీ అకౌంట్లోకి వచ్చాకే వాడికి వెళ్లాలి. కానీ మేడమ్, పిన్ని తప్ప ఎవరూ రాయలేని పేరుకి పద్దెనిమిది వేలైనా ఎందుకు?

వెతుకులాట (మధ్యాహ్నం 3:05)

ఆయన చెప్పిందే కరెక్టు. మీరు పేరు గట్టిగా పట్టుకుని ఎక్స్‌టెన్షన్ దగ్గర రాజీ పడదాం అని చూస్తున్నారు. తిప్పి చూడండి. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ ఖాళీగా ఉన్న పేరు దొరికేదాకా పేరు మారుస్తూ పోండి. రెండూ కలిపి ఏడాదికి రెండు వేల చుట్టుపక్కల. రెండు చిన్న మాటలు కలపండి, స్పెల్లింగుకి ఒకటే దారి ఉన్న మాటలు. మధ్యలో గీత వద్దు, అంకె వద్దు. ఇన్‌స్టా పేరు మారిస్తే ఫాలోయర్లు పోరు, అకౌంట్ అదే ఉంటుంది, పేరొక్కటే మారుతుంది. సైటు ఇంకా పుట్టలేదు, ఇప్పుడైతే మార్చడం ఉచితం. రెండేళ్ల తర్వాత మారిస్తే పాత పేజీలన్నీ కొత్త వాటికి రీడైరెక్ట్ పెట్టి కనీసం ఏడాది అలా ఉంచాలి, పాత డొమైన్‌కి డబ్బులు కడుతూనే ఉండాలి.

తాళపత్రం (సాయంత్రం 5:30)

పేరు మార్చినా తెలుగు మాటే పెట్టు తల్లీ. ఇంగ్లిషు మాటలు పెట్టకు.

కూకట్‌పల్లి కోడర్ (సాయంత్రం 5:41)

వెతికేటప్పుడు ఒకటి, కొనాలని నిర్ణయించుకున్న రోజే వెతకండి, రెండూ ఒకేసారి తీసేయండి. ఈరోజు ఒకటి, జీతం వచ్చాక ఇంకోటి అని ఆగి, ఆ ఇంకోటి పోగొట్టుకున్న వాడిని నేను.

పడుగుపేక (శనివారం, రాత్రి 9:20)

అయిపోయిందండీ! మూడు రోజులు కాగితం మీద దాదాపు నలభై పేర్లు రాశాం. చివరికి పేరు పెట్టింది మా అత్తయ్య. తెలుగు మాటే (తాళపత్రం గారూ, సంతోషమా), స్పెల్లింగు ఒకటే దారి. ఫోన్ పరీక్షలో ఐదుగురిలో ఐదుగురూ సరిగ్గా రాశారు, పూణే ఆవిడతో సహా. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ మా పేరు మీదే, నా ఈమెయిల్‌తో కొన్నాం. ట్రేడ్‌మార్కు సైట్లో ఆ మూడు తరగతుల్లో ఎవరూ లేరు, సోమవారం అప్లై చేస్తున్నాం. డాట్ కామ్ అసలు సైటు, డాట్ ఇన్ కొడితే దానికే వెళ్తుంది.

సర్వర్ సుబ్బన్న (రాత్రి 9:45)

భేష్. నన్నడిగితే ఇన్ అసలుది, కామ్ దానికి వెళ్లేట్టు పెట్టమనేవాణ్ణి, మూడింట రెండు వంతుల గిరాకీ ఇక్కడే కదా. పర్లేదు, రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టి ఎప్పుడైనా తిప్పుకోవచ్చు.

ఆటో రెన్యువల్ పెట్టి నిద్రపోకు. 2021 అక్టోబర్ నుంచి మన కార్డుల మీద ఆటోమేటిక్ కోతలకి రిజర్వ్ బ్యాంకు రూల్స్ మారాయి, బయటి దేశపు కంపెనీ దగ్గర కొన్నావంటే అది ఆటో రెన్యువల్ కొట్టడం, మన బ్యాంకు తిప్పి పంపడం మామూలే. ఒకేసారి ఐదేళ్లకి కట్టెయ్, క్యాలెండర్లో రాసుకో. ఒకవేళ దాటిపోయినా వెంటనే కంగారు పడొద్దు, కామ్‌కి కొన్ని వారాలు మామూలు రేటుకే తిరిగి ఇస్తారు, ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అని పెద్ద జరిమానాతో ఇస్తారు, అదీ దాటితే ఐదు రోజుల్లో బజార్లో పడుతుంది. అక్కడ కాచుకుని కూర్చునే వాళ్లుంటారు. నీకు రెండున్నర లక్షలు చెప్పినవాడు అలా కాచుకున్నవాడే అయ్యుండొచ్చు.

ఫ్రిస్కో బావ (ఆదివారం, ఉదయం 7:10)

కంగ్రాట్స్! డాట్ కామే అసలుది అన్నారు, నేను గెలిచాను. లింకు పంపండి, వదిన మీద పరీక్ష పెడతా.

పడుగుపేక (ఆదివారం, ఉదయం 11:35)

దీపావళి ముందు లైవ్ అవుతుంది బావగారూ, తప్పకుండా పంపుతా.

ఒక చిన్న డౌటు. చీర డబ్బాలు అయిదొందలకి ఆర్డరిచ్చాం. ప్రింటింగ్ ఆయనకి ఫోన్లో "మాకు డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ ఉన్నాయండీ, వేసేయండి" అని మా ఆయన చెప్పాడట. ఇప్పుడే ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది. మా పేరు, డాట్ ఇన్ డాట్ కామ్ అని కలిపి ఒకే అడ్రసుగా వేశాడు. చూడ్డానికి బానే ఉంది, ఇలా పనిచేస్తుందా?

సర్వర్ సుబ్బన్న (ఉదయం 11:37)

ఆపు తల్లీ ఆపు! ఇన్ డాట్ కామ్ అనేది వేరేవాళ్ల డొమైన్. వెంటనే ఫోన్ చెయ్, ప్లేట్ కొట్టకముందే.

పడుగుపేక (ఉదయం 11:52)

ఆపాం. ఇంకా ప్లేట్ కొట్టలేదట. ఈసారి ఫోన్లో చెప్పలేదు, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాను.